తెల్ల రొయ్యలో ఆడ, మగ తేడాలు: తీరానికో తీరు ఉందా?

'రొయ్యకు లేదా బారెడు మీసం' అనే సామెతను మన పెద్దలు మీసం మెలేసే వారిని ఉద్దేశించి అంటూ ఉంటారు. జీవశాస్త్రం ప్రకారం చూసినా ఆ మాట నిజమే. రొయ్యల్లో మీసం మగదానికీ ఉంటుంది, ఆడదానికీ ఉంటుంది. మీసం చూసి ఏది మగదో, ఏది ఆడదో చెప్పలేము. మరి దేన్ని చూసి చెప్పాలి? అలాగే మంగళూరు మార్కెట్లో కనిపించే రొయ్య పెద్దదిగా, చిలికా సరస్సులో పట్టిన రొయ్య చిన్నదిగా ఉంటే అవి రెండు రకాలా, ఒకటేనా? ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది. మొదటిది తెలియకుండా రెండోదానికి జవాబు చెప్పబోతే తప్పు తప్పదు. జంతుశాస్త్రం, మత్స్యశాస్త్రం చదువుతున్న విద్యార్థులు ప్రాజెక్టు పనుల్లో ఎక్కువగా పొరబడేది ఇక్కడే కనుక దీన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఉదాహరణకు తెల్ల రొయ్యను తీసుకుందాం. మన పాఠకులున్న తీరాలన్నింటిలోనూ తెలిసిన జీవి ఇది. రొయ్యను కన్నడంలో సీగడి, తమిళంలో ఇరాల్, ఒడియాలో చింగుడి, మరాఠీలో కోళంబి అంటారు. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు ఉన్న మన పిల్లలకు శాస్త్రీయ నామం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణతోనే అర్థమవుతుంది. తెల్ల రొయ్య శాస్త్రీయ నామం పీనియస్ ఇండికస్. ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ మిల్న్ ఎడ్వర్డ్స్ 1837లో దీన్ని వర్ణించి ఈ పేరు పెట్టాడు. 1997లో వచ్చిన ఒక వర్గీకరణ తరువాత చాలా పుస్తకాల్లో దీన్ని ఫెన్నెరోపీనియస్ ఇండికస్ అని రాశారు. ఇప్పుడు చాలామంది మళ్ళీ పాత పేరే వాడుతున్నారు. రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడవద్దు, జీవి ఒక్కటే.

ఆఫ్రికా తూర్పు తీరం, ఎర్ర సముద్రం మొదలుకొని మన దేశపు రెండు తీరాల మీదుగా దక్షిణ చైనా, ఫిలిప్పీన్స్, ఉత్తర ఆస్ట్రేలియా వరకు ఇది విస్తరించి ఉంది. ఇంత దూరం వ్యాపించిన జీవి అన్నిచోట్లా అచ్చుపోసినట్టు ఒకేలా ఉండకపోవచ్చునన్నది సహజమైన ఊహే.

దీని జీవితం రెండు ఇళ్ళ కాపురం. తల్లి సముద్రంలో గుడ్లు పెడుతుంది. ఒక రోజు గడవకముందే గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి. కంటికి సరిగా ఆనని ఆ పిల్లలు రెండు మూడు వారాలు నీటి వాలున కొట్టుకుపోతూ అనేక రూపాలు మారతాయి. తరువాత ఏటి మొగల్లోకి, ఉప్పుటేర్లలోకి, మడ అడవుల కాలువల్లోకి చేరతాయి. యానాం దిగువన కోరింగ మడ అడవులు, ఒడిశాలో చిలికా, ఆంధ్ర తమిళనాడుల మధ్య పులికాట్, మంగళూరు దగ్గర నేత్రావతి మొగ అన్నీ ఇటువంటి తావులే. అక్కడ కొన్ని నెలలు పెరిగి, సుమారు 10 నుంచి 12 సెం.మీ. పొడవుకు వచ్చేసరికి తిరిగి సముద్రంలోకి పోతాయి. ఈడుకు వచ్చేదీ, జత కట్టేదీ, గుడ్లు పెట్టేదీ సముద్రంలోనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఆడ, మగ గుర్తులు

రొయ్యకు తల, ఛాతీ కలిసి ఒకే కవచం కింద ఉంటాయి. దాని అడుగున ఐదు జతల నడక కాళ్ళు ఉంటాయి. వెనక ఉన్న పొట్ట భాగం అడుగున ఐదు జతల ఈత కాళ్ళు ఉంటాయి. ఆడ, మగ తెలియాలంటే రొయ్యను వెల్లకిలా తిప్పి ఈ రెండింటి మధ్య చోటు చూడాలి.

మగ రొయ్యలో మొదటి జత ఈత కాళ్ళ లోపలి వైపు రెమ్మలు రెండూ సన్నని కొక్కేలతో కలిసిపోయి, సగం చుట్టిన ఆకులాంటి అవయవంగా మారతాయి. దీని పేరు పెటాస్మా. రెండో జత ఈత కాళ్ళ మీద కూడా మగవాటికి మాత్రమే ఉండే చిన్న తమ్మె ఒకటి ఉంటుంది. మగ రంధ్రాలు ఐదో జత నడక కాళ్ళ మొదట్లో ఉంటాయి. తాజా రొయ్యలో ఆ మొదళ్ళ దగ్గర తెల్లని బుడిపెలు రెండు కనిపిస్తే అవి వీర్యపు సంచులు.

ఆడ రొయ్యలో గుడ్లు వచ్చే రంధ్రాలు మూడో జత నడక కాళ్ళ మొదట్లో ఉంటాయి. చివరి జత నడక కాళ్ళ నడుమ, ఛాతీ అడుగున రెండు రెక్కల తలుపులాంటి పలకలు ఉంటాయి. దీన్ని థెలికమ్ అంటారు. జత కట్టినప్పుడు మగది ఇచ్చిన వీర్యపు పొట్లం ఇందులో భద్రంగా ఉంటుంది. గుడ్లు విడిచే సమయంలో ఆడది దాన్ని వాడుకుంటుంది.

ఈ తలుపు ఉండడం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. గుల్ల గట్టిగా ఉన్నప్పుడు పొట్లం లోపలికి పోదు. అందుచేత తెల్ల రొయ్యలో జత కట్టడం ఆడది పాత గుల్ల విడిచి ఒళ్ళు మెత్తగా ఉన్న కొద్ది సమయంలోనే జరుగుతుంది. అప్పుడు మగది మాత్రం గట్టి గుల్లతోనే ఉంటుంది. ఆడది మళ్ళీ గుల్ల మార్చినప్పుడు ఆ పొట్లం కూడా పాత గుల్లతో పోతుంది. టైగర్ రొయ్యది కూడా ఇదే పద్ధతి. మన చెరువుల్లో ఇప్పుడు ఎక్కువగా పెంచే వనామీ మాత్రం వేరు. దానికి తలుపు లేదు, తెరిచిన అర. అందుకని గుల్ల గట్టిగా ఉండి గుడ్లు పండినప్పుడే జత కడుతుంది. రెండూ రొయ్యలే అయినా హేచరీలో జత కట్టించే పద్ధతి ఎందుకు మారుతుందో ఈ చిన్న అవయవం తేడా చెబుతుంది.

ఈడు వచ్చిన ఆడ రొయ్యను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వీపు వైపు చూస్తే గుడ్ల సంచి నీడలా కనబడుతుంది. మొదట రంగు లేకుండా ఉండి, పసుపు కలిసి, చివరకు ముదురు ఆకుపచ్చగా మారుతుంది. హేచరీల్లో తల్లి రొయ్యలను ఎంచే పనివారు చూసేది దీన్నే.

మరొక గుర్తు నోటి దగ్గర ఉంది. నోటి వెనక ఉండే మూడో జత దవడ కాళ్ళలో కొసన ఉన్న కణుపునూ, దాని ముందు కణుపునూ పోల్చి చూడాలి. ఎదిగిన మగ తెల్ల రొయ్యలో రెండూ ఇంచుమించు సమానం. బనానా రొయ్య మగదానిలో కొస కణుపు సగమే ఉంటుంది. పెనిసిలేటస్ అనే మరో దగ్గరి జాతి మగదానిలో కొస కణుపే ముందుదానికంటే బాగా పొడుగు. ఆడవాటిలో ఈ తేడా ఇంత స్పష్టంగా ఉండదు. అంటే ఇక్కడ మగ రొయ్య తన జాతిని కూడా చెబుతుంది.

పిల్ల రొయ్యల విషయంలో మాత్రం జాగ్రత్త. చిన్న మగవాటిలో పెటాస్మా రెండు ముక్కలూ ఇంకా కలిసి ఉండవు. భూతద్దం లేకుండా వాటిని చూసి ఆడవని రాసేసుకునే ప్రమాదం ఉంది.

పరిమాణంలో తేడా

పైన చెప్పిన అవయవాల కంటే బజారులో అందరికీ కనిపించే తేడా పరిమాణం. తెల్ల రొయ్యలో ఆడది పెద్దది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ జాతుల పట్టికలో దీని గరిష్ఠ పొడవు మగదానికి 18.4 సెం.మీ., ఆడదానికి 22.8 సెం.మీ. అని ఇచ్చారు. ఈ తేడా పిల్ల దశలో కనిపించదు. ఈడు దగ్గరపడేకొద్దీ మగది నెమ్మదిస్తుంది, ఆడది పెరుగుతూ పోతుంది.

కారణం గుడ్లు. ఎంత పెద్ద ఒళ్ళయితే అన్ని గుడ్లు. ఆడది సుమారు 13 సెం.మీ. పొడవు దగ్గర ఈడుకు వస్తుంది. 14 సెం.మీ. తల్లిలో సుమారు 70 వేల గుడ్లుంటే 20 సెం.మీ. తల్లిలో 7 లక్షలకు పైగా లెక్కించారు. పొడవు ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, గుడ్లు పది రెట్లు అయ్యాయి. మగది ఇంకా పెద్దదైతే దానికి ఇంత లాభం లేదు.

అన్ని రొయ్యలూ ఇంతే అనుకోవద్దు. మంచినీటిలో పెరిగే స్కాంపీలో మగదే పెద్దది, పొడుగాటి కొండెలతో తోటి మగవాటితో పోట్లాడి ఆడవాటిని దక్కించుకుంటుంది. ఉత్తర అట్లాంటిక్ చల్లని నీటిలో దొరికే పాండాలస్ బొరియాలిస్ మరీ వింత. అది మగదిగా పుట్టి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుంది. అక్కడ పెద్దవన్నీ ఆడవే, చిన్నవన్నీ మగవే, కానీ అవి వయసు తేడాలు.

పొడవులో కొద్ది తేడా బరువులో ఎంతవుతుందో పిల్లలు లెక్కకట్టి చూడవచ్చు. బరువు దాదాపుగా పొడవు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 14 సెం.మీ. రొయ్యకూ 16 సెం.మీ. రొయ్యకూ తేడా 2 సెం.మీ. మాత్రమే. 16ను 14తో భాగించి ఘనం చేస్తే దాదాపు 1.5 వస్తుంది. అంటే బరువు ఒకటిన్నర రెట్లు. రొయ్యల వ్యాపారంలో ధర 'కౌంట్' మీద, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న దాని మీద కడతారు. చిన్నవి కిలోకు 60 తూగితే పెద్దవి 40 తూగుతాయి. 60 కౌంట్ ధర వేరు, 40 కౌంట్ ధర వేరు అని రొయ్యల చెరువున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

తీరాల మధ్య తేడా

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక విద్యార్థిని మంగళూరు రేవులో 100 తెల్ల రొయ్యలు, మరో విద్యార్థిని ఒడిశాలోని గోపాలపురంలో 100 తెల్ల రొయ్యలు కొలిచారనుకోండి. మొదటి సగటు 15.4 సెం.మీ., రెండో సగటు 14.6 సెం.మీ. వచ్చింది. 'పడమటి తీరపు రొయ్య పెద్దది' అని రాసేయవచ్చునా?

ఒక్కసారి ఆడ, మగ లెక్క చూద్దాం. రెండుచోట్లా ఆడవాటి సగటు 16, మగవాటి సగటు 14 అనుకుందాం. అంటే తీరాల మధ్య తేడా ఏమీ లేదు. మొదటి వందలో ఆడవి 70, మగవి 30 ఉంటే సగటు 15.4 వస్తుంది. రెండో వందలో ఆడవి 30, మగవి 70 ఉంటే సగటు 14.6 వస్తుంది. లేని తేడా కాగితం మీద పుట్టుకొచ్చింది! ఇవి వివరణ కోసం వేసుకున్న అంకెలే కానీ నిజమైన ప్రాజెక్టుల్లో జరిగేది సరిగ్గా ఇదే. అందుకే ఆడవాటిని ఆడవాటితో, మగవాటిని మగవాటితో విడివిడిగా పోల్చకుండా తీరాల గురించి ఒక్క మాట కూడా రాయకూడదు.

తరువాత వయసు. చిలికాలో, పులికాట్‌లో, కోరింగలో పట్టినవి ఇంకా సముద్రానికి చేరని కుర్ర రొయ్యలు. వాటిని సముద్రంలో ట్రాలర్ పట్టిన పెద్ద రొయ్యలతో పోల్చి 'చిలికా రొయ్య పొట్టి జాతి' అనడం ఎనిమిదో తరగతి పిల్లల ఎత్తును వాళ్ళ తల్లిదండ్రుల ఎత్తుతో పోల్చినట్టు ఉంటుంది.

వల కన్ను కూడా తేడా తెస్తుంది. సన్న కన్ను వల చిన్నవాటినీ పడుతుంది, పెద్ద కన్ను వల వదిలేస్తుంది. కాలం సంగతి మరీ ముఖ్యం. యాంత్రిక పడవల వేట నిషేధం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు ఉంటుంది. 2015 నుంచి ఇది 61 రోజులు. జూన్ చివర రెండు తీరాల రొయ్యలనూ పోల్చితే, ఒకచోట విశ్రాంతి దొరికి పెరిగినవి, రెండోచోట చిన్న పడవలకు దొరికినవి వస్తాయి.

ఇంకొక చిక్కు జాతిది. కార్వార్ ప్రాంతంలో బనానా రొయ్య బాగా దొరుకుతుంది. చూడడానికి అదీ తెల్లనిదే. నుదుటి ముల్లు, అంటే పుస్తకాల్లో రోస్ట్రమ్ అని రాసేది, మొదట్లో ఎత్తైన ముక్కోణపు గట్టులా ఉంటే బనానా రొయ్యేమోనని అనుమానించాలి. తెల్ల రొయ్యలో ఆ ముల్లు కొస వైపు కొద్దిగా పాములా వంపు తిరిగి, పైన 7 నుంచి 9, కింద 3 నుంచి 6 పళ్ళతో ఉంటుంది. అంకెలు కొంత అటూ ఇటూ కలుస్తాయి కనుక పళ్ళ లెక్క ఒక్కటే చాలదు. మగవాటి దవడ కాలు కణుపులు కూడా చూడాలని పైన చెప్పింది ఇందుకే.

ఇవన్నీ తీసేశాక కూడా తేడా మిగిలితే? మిగలవచ్చు. గోదావరి, మహానది వరదనీరు కలిసే బంగాళాఖాతంలో పైనీరు ఉప్పదనం తక్కువ, అరేబియా సముద్రంలో ఎక్కువ. పడమటి తీరంలో వానాకాలపు గాలులకు అడుగు నీరు పైకి వచ్చి మేత సమృద్ధి అవుతుంది. ఉప్పు, వేడి, మేత మారితే పెరుగుదల మారుతుంది. బురద నేలలో పెరిగినదానికీ ఇసుక నేలలో పెరిగినదానికీ రంగు తేడా రావడం జాలర్లందరికీ తెలిసిందే. కానీ ఇవి నీటి వల్ల వచ్చిన తేడాలా, పుట్టుకతో వచ్చినవా అన్నది వేరే ప్రశ్న. కొలబద్దతో ఎంత కొలిచినా ఆ జవాబు రాదు.

తెల్ల రొయ్య ఒకచోట కదలకుండా ఉండే జీవి కూడా కాదు. పిల్లలు వారాల తరబడి ప్రవాహంలో పోతాయి. తూర్పు తీరపు ప్రవాహం ఏడాదిలో కొంతకాలం ఉత్తరానికి, కొంతకాలం దక్షిణానికి సాగుతుంది. పెద్దవి కూడా తిరుగుతాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు కొచ్చి దగ్గర గుర్తులు కట్టి వదిలిన తెల్ల రొయ్యలు కన్యాకుమారి చుట్టి తూత్తుకుడి వైపు తీరంలో పట్టుబడ్డాయి. కనుక యానాం రొయ్య, గోపాలపురం రొయ్య రెండు వేరు వేరు తెగలని నమ్మడం నాకు కష్టం. చాలా దూరపు తీరాల సంగతి వేరు. టైగర్ రొయ్యలో ఆఫ్రికా వైపువాటికీ ఆగ్నేయాసియావాటికీ జన్యువుల్లో స్పష్టమైన తేడా ఉందని తేలింది.

పుట్టుక తేడానా, నీటి తేడానా అని తేల్చే పద్ధతి ఒకటి ఉంది, చెప్పడానికి తేలిక, చేయడానికి ఖర్చు. రెండు తీరాల నుంచి తల్లి రొయ్యలను తెచ్చి, ఒకేసారి పిల్లలు తీయించి, వాటిని గుర్తుపట్టే ఏర్పాటు చేసి, ఒకే చెరువులో ఒకే మేతతో పెంచాలి. అప్పుడు కూడా ఆడ, మగ విడివిడిగా తూచాలి. తేడా నిలిస్తే అది పుట్టుకది. నిలవకపోతే నీటిది.

కొలతలు తీసేవారికి

ప్రాజెక్టు చేయదలచిన విద్యార్థులు పూర్తి పొడవు మీదే ఆధారపడవద్దు. నుదుటి ముల్లు కొస వలలోనో, బుట్టలోనో తరచు విరిగిపోతుంది. కంటి గుంట వెనక అంచు నుంచి కవచం వెనక అంచు నడిమి వరకు వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. దీన్ని కవచం పొడవు అంటారు, శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్మేది దీన్నే. తలలు తీసినవి పనికిరావు. ఫార్మలిన్‌లో నిలవ ఉంచినవాటినీ, తాజావాటినీ ఒకే పట్టికలో కలపవద్దు. ప్రతి రొయ్యకూ ఎదురుగా ఆడ, మగ, పోల్చుకోలేనిది అని మూడు గడులు పెట్టండి. తెలియనప్పుడు మూడో గడిలో రాయడం నామోషీ కాదు. పట్టిన చోటు, తేదీ, వల రకం తప్పక రాయండి. పొడవు, బరువు గ్రాఫులు ఆడవాటికి ఒకటి, మగవాటికి ఒకటి వేయండి. రెండు గీతలూ ఒకే దారిన పోతున్నాయో, విడిపోతున్నాయో చూడండి.

ఇదంతా పరీక్ష మార్కుల కోసమే కాదు. 1990ల మధ్యలో తెల్ల మచ్చల వ్యాధి వచ్చి టైగర్ రొయ్య సాగును దెబ్బతీసింది. 2009లో పసిఫిక్ తీరపు జాతి అయిన వనామీకి అనుమతి వచ్చింది, చెరువులు దాదాపుగా దాని వశమయ్యాయి. ఆ తల్లి రొయ్యలు విదేశాల నుంచి రావాలి. మన జాతి ఒకటి చేతిలో ఉండాలని చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచర సాగు సంస్థలో 2022లో తెల్ల రొయ్య జన్యు అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. ఇటువంటి పనిలో మొదటి మెట్టు వేరు వేరు తీరాల నుంచి మంచి తల్లులను ఎంచుకోవడం. ఒక తీరపు రొయ్య బాగా పెరిగిందంటే అది పుట్టుక గుణమా, ఆ గుంపులో ఆడవి ఎక్కువ పడ్డాయా అన్నది అక్కడ తేల్చుకోవాలి. తప్పుగా ఎంచితే నష్టం తరాల తరబడి చెరువుల్లో కనిపిస్తుంది.

ఈ రంగంలోకి రాదలచినవారికి ఇంటికి దగ్గరలోనే కళాశాలలున్నాయి. కర్ణాటకలో మంగళూరు, తమిళనాడులో తూత్తుకుడి, ఒడిశాలో బరంపురం దగ్గరి రంగైలుండ, మహారాష్ట్రలో రత్నగిరి, ఆంధ్రప్రదేశ్‌లో ముత్తుకూరు మత్స్య కళాశాలల్లో నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. పై చదువులకు ముంబయిలో కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ ఉంది. ప్రవేశ నియమాలు రాష్ట్రానికో విధంగా ఉంటాయి కనుక తల్లిదండ్రులు ఆ సంవత్సరపు ప్రకటన చూసుకున్న తరువాతే దరఖాస్తు చేయించాలి.